పైడమ్మ చోడి మడిలో నా కంటి లెక్క

2022 అక్టోబరు ఆఖరి వారం. సాలూరు దాటి కొండల వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. చోడి చేలు, అంటే రాగి చేలు, కోతకు వచ్చి ఉన్నాయి. విజయనగరం దగ్గర ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నేను అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా టెక్నికల్ అసిస్టెంటుని. శాస్త్రవేత్తలు కొత్త వంగడం తయారుచేస్తారు. అది రైతు పొలంలో ఎలా నిలబడుతోందో వెళ్ళి చూసి పుస్తకంలో రాసేది నాలాంటివాళ్ళు. ఆ చూసి రాసే పనిని మేము స్కోరింగ్ అంటాం. పేపర్లో ఫోటో పడేది శాస్త్రవేత్తది, ఎండలో మాడేది మాది. అయినా ఆ పనంటే నాకు ప్రాణం.

చోడికి అగ్గి తెగులు పెద్ద శత్రువు. అది గింజలు పట్టే వెన్ను కింద, మెడ దగ్గర పడితే ఆ చోటు నల్లబడుతుంది. వెన్ను తాలుపోయి వాలిపోతుంది. మడిలో అటూ ఇటూ నడిచి, నూరు వెన్నుల్లో ఎన్నింటికి మెడ నల్లబడిందో చెప్పాలి. లెక్కపెట్టి చెప్పాలనే కాగితం మీద ఉంది. రోజుకి ఏడెనిమిది పొలాలు తిరగాల్సినవాడికి అది కుదిరే పని కాదు కాబట్టి కంటితో అంచనా వేసి పైకి అనేవాణ్ణి, పక్కనున్నవాళ్ళు రాసుకునేవారు. సూర్రావు కన్ను తప్పదని మా కేంద్రంలో పేరు. ఆ మాట ఎవరైనా అంటే వద్దువద్దంటూనే మళ్ళీ అంటారేమోనని చెవి అటు పారేసేవాణ్ణి.

ఆ ఏడాది మా పెద్ద సారు తీసిన కొత్త చోడి వంగడానికి రైతు పొలాల్లో మూడో సంవత్సరం పరీక్ష. ప్రతి పొలంలోనూ మూడు మడులు. ఒకదాంట్లో కొత్త వంగడం. రెండోదాంట్లో ఇదివరకే వాడుకలో ఉన్న వంగడం, పోల్చి చూడటానికి పెట్టేదాన్ని చెక్ అంటాం. మూడోదాంట్లో ఆ రైతు ఇంట్లో ఉన్న పాత విత్తనం. కొత్త వంగడానికి కేంద్రంలో నారు పోసింది నేను. తడిగోనె చుట్టి ఆటోలో ఎక్కించి ఊరూరా తీసుకెళ్ళిందీ నేనే. నవంబరు రెండో వారంలో పెద్ద మీటింగు. మా లెక్కలు అక్కడ పెడితే, తరవాతి ఖరీఫ్‌కి ఈ కొండ కింద ఊళ్ళన్నిటికీ కొత్త విత్తనం ఇవ్వాలా వద్దా అన్నది తేలుతుంది. పెద్ద సారు జూన్‌లో రిటైర్ అవుతారు. ఆయన పదకొండేళ్ళ పని అది.

ఆ ఊళ్ళో మా పరీక్ష పొలం పైడమ్మది. అరవై దాటిన మనిషి. రెండెకరాల మెట్ట, మొగుడు పోయాక తనే చేయించుకుంటోంది. నేను ఆవిణ్ణి అక్కగా తలచి అప్పా అనేవాణ్ణి, ఆవిడ నన్ను బాబూ అనేది. నేను మడిలో దిగితే గట్టు మీద నాతోపాటు నడిచేది. కొత్త వంగడం మడి దగ్గరికి వచ్చేసరికి, "నీ ఇత్తనం ఎంత సక్కగున్నాది బాబూ" అనేది. తన విత్తనం మడి దగ్గర ముఖం అదోలా పెట్టి, "మాదేటుంది, నాటు ఇత్తనం. తెగులు దండిగా ఉన్నాది, నువ్వే సూడు" అనేది. మూడేళ్ళూ అదే వరస. నేను చూసేవాణ్ణి. ఆవిడ చెప్పినట్టే ఉన్నట్టు కనిపించేది. కొత్తదానికి ఆరో ఏడో అనేవాణ్ణి, పాతదానికి ఇరవై పైచిలుకు అనేవాణ్ణి.

ఆ రోజు స్కోరింగ్ అయ్యాక పైడమ్మ ఒక మాట చెప్పింది. వచ్చే ఏడు మొత్తం రెండెకరాలూ నా విత్తనమే వేస్తుందట. ఈసారి తన చేలో విత్తనం తియ్యదట. ఆ ఊళ్ళో కోతకి ముందు చేలో తిరిగి, నిలబడి ఉన్న మొక్కల్లో మంచి వెన్నులు ఏరి విడిగా కోసి, కట్టగట్టి ఇంట్లో పొయ్యి మీద వేలాడదీస్తారు. ఆ పాత రకం చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా పెద్దగా లేదు, కావలసినవాళ్ళు పైడమ్మ దగ్గరే పుచ్చుకునేవారు. అది తియ్యకపోతే ఆ గింజంతా పిండి అయిపోతుంది. నేను సంతోషపడ్డాను. నిజం చెప్పాలంటే ఛాతీ పొంగింది.

నాతోపాటు అంకెలు రాసుకుంటున్న అమ్మాయి పేరు మాధవి. ఆ జూలైలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరింది. గజపతినగరం పిల్ల, నాన్నకి కిరాణా కొట్టు. తిరుగు దారిలో జీపులో ఆ రోజు రాసుకున్న అంకెలు మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ కూర్చుంది. తరవాత మెల్లిగా అడిగింది, అంకె పైకి అనే ముందు రైతు మాట వినడం మంచిదేనా అని. ఇంకోటి కూడా అడిగింది, ఏ మడిలో ఏ వంగడం ఉందో నాకు తెలియకుండా స్కోరింగ్ చేయిస్తే ఎలా ఉంటుందని. దాన్ని బ్లైండ్ స్కోరింగ్ అంటారని, చూసేవాడి మొగ్గు తనకే తెలియకుండా లెక్కలోకి వచ్చేస్తుందని, దాన్ని బయాస్ అంటారని చెప్పింది. బయాస్ అన్న మాట నాకు తెలియనిదేం కాదు. ట్రైనింగుల్లో విన్నాను. అది ఎప్పుడూ వేరేవాళ్ళ గురించి అనుకునేవాణ్ణి.

నాకు ఒళ్ళు మండింది. "అంటే నేను దొంగలెక్క రాస్తున్నాననా?" అన్నాను.

"కాదు సార్. దొంగలెక్క రాసేవాడికి తెలుస్తాది కదా, తను రాస్తన్నాడని. ఇది తెలీదు" అంది. మళ్ళీ తనే, "మా నాన్న సొంత తమ్ముడికి కూడా కాటా మీద పెట్టే ఇస్తారండి. తమ్ముడని చెయ్యి ఎక్కువ పోసేస్తాదేమోనని ఆయనకి భయం" అంది.

కొట్లో పప్పుకీ నా చదువుకీ ముడిపెడతావా అని చిరాకుపడ్డాను. ఆ చిరాకులోనే, సరే, ఏ పరీక్ష పెట్టుకుంటావో పెట్టుకో అని సవాలు చేశాను. ఓడిపోతే ఆ అమ్మాయి నోరు మూతపడుతుందన్నదే నా ఆలోచన.

మర్నాడు మాధవి ఒక్కతే పైడమ్మ పొలానికీ, ఆ పక్క ఊళ్ళో ఇంకో రెండు పొలాలకీ వెళ్ళింది. ప్రతి మడిలో నాలుగడుగులకోసారి ఆగి, పైకి చూడకుండా చేతికి తగిలిన కాడ కోస్తూ నూరు కాడలు కోసింది. వెన్ను చూస్తే అది ఏ వంగడమో నేను ఇట్టే చెప్పేస్తాను కదా. అందుకని వెన్నులు తుంచేసి, మెడ భాగం మాత్రం వేలెడంత ముక్క ఉంచి, నూరేసి ముక్కల కట్టల్ని కాగితం కవర్లలో పెట్టింది. కవరు మీద అంకె తప్ప ఏమీ లేదు. ఏ అంకె ఏ మడిదో రాసిన చీటీ తన బ్యాగులో పెట్టుకుంది.

మధ్యాహ్నం ఆఫీసు వరండాలో టేబుల్ మీద తొమ్మిది కవర్లు పోశాం. ఒక్కొక్క ముక్కా తిప్పి చూసి, నల్లబడ్డవి ఒక పక్క, బాగున్నవి ఒక పక్క పెట్టి లెక్క చెప్పాను. అంతా అయ్యాక మాధవి చీటీ తీసి, పొలంలో నేను అన్న అంకెలు ఒక వరసలో, ఇప్పుడు లెక్కపెట్టినవి ఇంకో వరసలో రాసింది. చెక్ మడుల్లో రెండూ ఇంచుమించు కలిశాయి. కొత్త వంగడానికి నేను పొలంలో అన్నదానికి రెండింతలకి పైగా తెగులుంది. పైడమ్మ విత్తనానికి నేను అన్నదాంట్లో సగం కూడా లేదు.

కవర్లు తారుమారు చేశావన్నాను. గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. రేపు మీరే వచ్చి మీ చేత్తోనే కోసి కట్టలు కట్టండి, అంకెలు మాత్రం నేను వేస్తానంది. మరో ఊళ్ళో మరో పొలానికి వెళ్ళాం. ఈసారి కాడలు కోసింది నేను. సాయంత్రం లెక్కపెడితే మళ్ళీ అదే.

ఇంటికి వెళ్ళకుండా బీరువాలో ఉన్న మూడేళ్ళ ఫీల్డ్ బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కోసారి ఒక అంకె అని, కాదులే అని కొట్టేయించి ఇంకోటి రాయించడం మామూలే. ఆ కొట్టివేతలన్నీ వెతికాను. కొత్త వంగడం దగ్గర ఎక్కడ కొట్టేయించినా అంకె తగ్గింది. రైతు విత్తనం దగ్గర ఎక్కడ కొట్టేయించినా పెరిగింది. అటుదొకటి ఇటుదొకటి ఉంటే మనిషన్నాక పొరపాటు అనుకోవచ్చు. అన్నీ ఒకే వైపు. ఇదేదో చీకట్లో ఎవరో నా చెయ్యి పట్టుకుని రాయించినట్టుంది. ఆ రాయించినవాడు ఎవడో కాదు, నేనే.

ఆ తరవాత మూడు రోజులు నేను యాతన పడ్డాను. అబద్ధం రాసినవాడైతే తప్పయిపోయిందని కాళ్ళ మీద పడొచ్చు. నేను అబద్ధం రాయలేదే. చూసిందే రాశాను. కానీ ఆ మాట ఎవరు నమ్ముతారు? సారు దగ్గర మెప్పు కోసం రాశాడంటారు. చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందని కూడా లెక్కలు వేశాను, దాచను. మాధవి పైకి చెప్పే రకంలా లేదు. మీటింగు అయిపోతుంది. విత్తనం పంచుతారు. కొండ కింద మంచు పట్టే చేలల్లో అగ్గి తెగులు పడుతుంది. పైడమ్మ ఇంట్లో ఏడాది పొడుగునా తాగే అంబలి, ఆ రెండెకరాల చోడి మీదే. ఆ పాటికి ఆవిడ పాత విత్తనం కూడా ఉండదు. సూర్రావు బాబు చెప్పాడని వేశానంటుంది. నన్నేమీ అనదు కూడా. ఆ అనకపోవడమే నాకు మరీ భయమేసింది.

మా ఆవిడ రెండు రోజులు చూసి, మూడో రోజు అడిగింది. చెప్పాను. అంతా విని, "సెప్పీడానికి మాటలు వెతుకుతున్నావా, సెప్పకుండా ఉండడానికా?" అంది.

ఆ ఉదయమే పుస్తకాలు, మాధవి రాసిన కాగితం పట్టుకుని పెద్ద సారు గదిలోకి వెళ్ళాను. మాధవి వస్తానంది గానీ వద్దన్నాను. సారు మొదట నవ్వారు, ఒకటి రెండు పొలాల్లో తేడా వస్తే కంగారెందుకన్నారు. కొట్టివేతలు చూపించాక నవ్వు పోయింది. "మూడేళ్ళ నుంచీ తప్పు రాశావని, వారంలో మీటింగు పెట్టుకుని ఇవాళ చెబుతున్నావా?" అన్నారు. ఆయన గొంతు పెద్దది కాలేదు. పెద్దదైనా బాగుండేది. ఫైలు టేబుల్ మీద నా వైపు తోసేసి గదిలోంచి వెళ్ళిపోయారు. నేను అలాగే నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

గంట పోయాక వచ్చారు. చెప్పులకి మట్టి ఉంది, కేంద్రంలో పొలం చుట్టూ తిరిగి వచ్చారన్నమాట. కుర్చీలో కూర్చుని పుస్తకం తిరగేస్తూ, ఒక పేజీ దగ్గర ఆగి, "కిందటేడు ఈ పొలానికి నేనూ వచ్చాను, సూర్రావ్. నీ పక్కనే ఉన్నాను. నువ్వు ఆరు అన్నావు. నాకు నాలుగే కనిపించింది" అన్నారు. పుస్తకం మూసి పక్కన పెట్టారు. చివరికి దిగుబడి లెక్కలు తూకం వేసినవి కాబట్టి ఉంచుదామని, తెగులు లెక్కలు ఉన్న పేజీలు మాత్రం మీటింగులో పెట్టనని, ఇంకో ఏడు పరీక్ష అడుగుతానని చెప్పారు. ఇంకో ఏడు అంటే అప్పటికి ఆయన సర్వీసులో ఉండరు.

బయటికి రాగానే బండి తీశాను. పైడమ్మ విత్తనం గుర్తొస్తే ఇంక నిలవలేకపోయాను. కోతలు మొదలై నాలుగు రోజులైంది. సాలూరు దగ్గర లారీల వెనక చిక్కుకుని కదలలేక, హారన్ కొట్టి కొట్టి పక్కవాళ్ళ చేత తిట్లు తిన్నాను. ఊరు చేరేసరికి ఆవిడ పొలం కోసేసి ఉంది. కళ్ళంలో వెన్నులు కుప్పగా ఎండుతున్నాయి. పైడమ్మ కుప్ప పక్కన కూర్చుని తాలు వెన్నులు తీసి పారేస్తోంది.

విత్తనం తీశావా అప్పా అని అడిగాను. తియ్యలేదంది. నీ విత్తనం వస్తుంటే అదెందుకు బాబూ అంది. నేను అక్కడే కూలబడి జరిగిందంతా చెప్పాను. నీ విత్తనానికి తెగులు తక్కువ, నేను తెచ్చినదానికే ఎక్కువ, నేనే తప్పు చూశాను అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. చేతిలో వెన్ను తిప్పుతూ తాపీగా, "అది నాకు తెల్సు గదేటి" అంది.

తెలిస్తే మూడేళ్ళూ నీది బాగాలేదని ఎందుకన్నావు అని అడిగాను. కోపంగానే అడిగానేమో. పైడమ్మ నా ముఖంలోకి చూసింది.

"నువ్వు అంత దూరం నించి నా కోసం నారు మోసుకొచ్చినావు. గట్టు మీద నిలబడి నాది బాగున్నాది, నీది బాగులేదని నీ ముఖం మీదే అనేత్తే ఏటి బాగుంటాది బాబూ? ఎవులైనా ఏటైనా తెత్తే బాగున్నాదనే కదా అంటాం. నువ్వు సదువుకున్నోడివి, మడి సూసి రాసుకుంటావనుకున్నాను. నా మాట రాసుకుంటావని నాకేటి తెల్సు?"

మరి తెలిసీ రెండెకరాల్లో నా విత్తనం ఎందుకు వేస్తానన్నావంటే, మూడేళ్ళూ పుస్తకంలో రాసుకున్నావు కదా, నాకు కనపడనిది నీకేదో కనపడిందనుకున్నాను అంది. తన కన్ను కన్నా నా కన్ను మీద ఆవిడకి నమ్మకం. నాకు ఆ మాట కన్నా చెంపదెబ్బ నయమనిపించింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగితే వెన్నుల నూగు పడిందన్నాను.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కుప్ప ముందు కూర్చుని విత్తనానికి వెన్నులు ఏరాం. నిలబడ్డ మొక్క మీద ఏరినంత బాగా కుప్పలో కుదరదు. ఏ వెన్ను ఏ మొక్కదో, ఆ మొక్క ఎలా నిలబడిందో కనపడదు. అయినా గట్టి మెడ ఉన్నవి, గింజ నిండినవి ఒక్కొక్కటే తీసి కట్టలు కట్టాం. ఎకరానికి సరిపడా వచ్చింది. రెండో ఎకరానికి ఆవిడ ఆడపడుచు దగ్గర ఉంటుందేమో అడుగుతానంది. దొరికే వరకూ నాకు కుదురులేదు. డిసెంబరులో ఫోన్ చేసి దొరికిందని చెప్పింది.

తరవాతి ఖరీఫ్ నుంచి మా స్కోరింగ్ పద్ధతి మారింది. మూడు రకాల విత్తనమూ, రైతు సొంతదానితో సహా, ఒకేలాంటి సంచుల్లో అంకెలతో వెళ్తాయి. ఏ రైతుకీ ఫలానాది మేం తెచ్చిందని అనుకునే అవకాశం లేదు. కాడలు కోసేవారు ఒకరు, మెడలు లెక్కపెట్టేవారు మరొకరు. లెక్క అయ్యేదాకా రైతుని గట్టు మీదకి రావద్దని బతిమాలుకుంటాం. పైడమ్మకి మొదట ఇది మర్యాదగా తోచలేదు, మా పొలంలోకి మమ్మల్ని రావద్దంటారేటని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పని రెండింతలైంది, రోజుకి మూడు పొలాలు దాటడం లేదు. ఆ నాలుగో ఏడు లెక్కల్లో సారు వంగడం మైదానం ఊళ్ళకి బాగుందనీ, కొండ కింద చేలకి వద్దనీ తేలింది. సారు అప్పటికి రిటైరై ఎస్.కోటలో ఉంటున్నారు. ఫోన్‌లో చెబితే, లెక్కపెట్టింది ఎవరని మాత్రం అడిగారు. మాధవి అన్నాను. మంచిది అన్నారు.

అదే ఏడు పైడమ్మ పొలంలో లెక్క ముగించి, ఇప్పుడు రా అప్పా, నీకేమనిపిస్తోందో చెప్పు అని పిలిచాను. ఆవిడ గట్టు మీద చేతులు నడుముకి పెట్టుకుని నిలబడి, రెండో అంకె మడి వైపు చూసి, "ఇదేటి బాబూ, ఇది ఒట్టి పనికిమాలిన ఇత్తనం" అంది. నాలుగేళ్ళలో అలాంటి మాట ఆవిడ నోటి వెంట వినడం అదే మొదలు. నేను సంతోషించాలి. కానీ ఆ వెన్ను చూస్తే నాకు తెలిసిపోయింది, అది నేను నారు పోసినదే. నా ముఖం మాడిపోయింది. కాదు అప్పా, అంత పనికిమాలినది కాదు అనడానికి నోరు తెరిచాను కూడా. అంకెలు మాధవి పుస్తకంలో ఉన్నాయి కాబట్టి నోరు మూసుకున్నాను. ఇన్నాళ్ళకీ, అంత జరిగాకా, నా కన్ను ఇంకా అటే వాలుతోంది. ఆ సంగతి తెలిశాక నేను ఒక్క మడి కూడా కంటితో చూసి రాయలేదు.